తాడు మాట ముందే ఎత్తొద్దు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో వికలాంగుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయినేడు ఇదే వేదిక మీద మేం చదివింది లెక్కలు. ఎన్ని సదరం సర్టిఫికెట్లు ఇప్పించాం, ఎన్ని పెన్షన్లు వచ్చాయి, ఎన్ని మూడు చక్రాల బండ్లు పంచాం. ఆ లెక్కలు ఈసారి కూడా పుస్తకంలో పట్టికగా ఉన్నాయి, ఇంటికెళ్ళి చదువుకోండి. మాకిచ్చిన సమయంలో పట్టికకు ఎక్కని పని గురించి చెప్పుకుంటాం.

మన ఊళ్ళలో కొంతమంది పిల్లలుంటారు. పిల్లలంటే చిన్నవాళ్ళే కాదు, పాతికేళ్ళ వాళ్ళూ ఉంటారు. బుద్ధిమాంద్యం అంటారు, ఆటిజం అంటారు. అరుస్తారు, కొరుకుతారు, తల గోడకేసి బాదుకుంటారు, బట్టలు విప్పేస్తారు, సందు దొరికితే రోడ్డెక్కి పరిగెడతారు. ఆ తల్లి సంఘం మీటింగుకు రాదు. పొదుపు డబ్బులు పక్కింటామె చేత పంపిస్తుంది. మనం ఏం చేస్తాం? గైర్హాజరు జరిమానా వేస్తాం. వరసగా నాలుగు మీటింగులు రాకపోతే తీసేద్దామా అని కూడా మాట్లాడుకుంటాం. ఇంకెవరి మీదో చెప్పడం లేదు, మా సంఘాల్లో మేమే వేశాం.

ఉపసంఘం నుంచి మేం ఆరుగురం శిక్షణకు వెళ్ళడానికి కారణం కూడా అలాంటి ఒక ఇల్లే. పధ్నాలుగేళ్ళ అబ్బాయి. మాట రాదు. తల్లి మిరపకాయ కోతలకు పోతుంది, తండ్రి లేడు. పొద్దున ఏడింటికి పాత చీర పేనిన తాడుతో అబ్బాయిని వసారా గుంజకు కట్టి వెళ్ళి, మధ్యాహ్నం ఒకసారి వచ్చి అన్నం పెట్టి, మళ్ళీ సాయంత్రం వచ్చి విప్పుతుంది. ఊరంతా చూస్తూనే ఉంది. మేమూ చూస్తూనే ఉన్నాం. చివరికి ఒకరోజు నలుగురం కలిసి వెళ్ళి, 'కన్నకొడుకును గొడ్డును కట్టినట్టు కడతావా అమ్మా, చట్టం ఒప్పుకోదు' అన్నాం. చట్టం సంగతి అబద్ధం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 6వ సెక్షన్ క్రూరంగా, అమానుషంగా చూడడం నుంచి రక్షణ ఇస్తుంది. తమిళనాడులో ఏర్వాడి దగ్గర 2001 ఆగస్టు 6న షెడ్డు అంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక చనిపోయిన సంగతి పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తర్వాత వచ్చిన 2017 మానసిక ఆరోగ్య చట్టం, మానసిక జబ్బు ఉన్నవాళ్ళను ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని రాసింది. ఇదంతా మాకు తెలుసు, చెప్పాం.

ఆమె మమ్మల్ని కూర్చోమనలేదు. 'సరే వదినా, విప్పేస్తా. రేపు పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా మీ నలుగురిలో ఎవరొచ్చి కూచుంటారో చెప్పండి' అంది. ఎవరం మాట్లాడలేదు. తలుపు వేసుకుంది.

ఆ తలుపు మళ్ళీ తెరుచుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

శిక్షణ ఇచ్చినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు ప్రత్యేక విద్య టీచర్లు, ఒక సైకాలజిస్టు మేడమ్. వాళ్ళు నేర్పిన దాన్ని పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్ అంటారు. మా నోటికి తిరగక 'తోడ్పాటు పద్ధతి' అని పేరు పెట్టుకున్నాం. 1980ల్లో అమెరికాలో పుట్టిందట. అక్కడ పెద్ద పెద్ద ఆశ్రమాల్లో ఇలాంటి వాళ్ళను దారిలో పెట్టడానికి చెంపదెబ్బలు, మొహాన నీళ్ళు కొట్టడం, చివరికి కరెంటు షాకులు కూడా వాడేవాళ్ళు. అది తప్పు, శిక్ష లేకుండానే మార్చొచ్చు అని కొందరు నిపుణులు, తల్లిదండ్రులు నిలబడి పనిచేసి చూపించారు. మన దగ్గర కూడా ఇది కొత్తేమీ కాదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ, ప్రవర్తన సమస్యలను ఎలా చూడాలో టీచర్ల కోసం 1992లోనే పుస్తకం వేసింది. అక్కడి నుంచి మన మండలానికి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది, అంతే.

మొదటి రెండు రోజులూ హాల్లో కూర్చోబెట్టి చెప్పారు. నిజం చెప్పాలంటే సగం అర్థం కాలేదు. ఉదాహరణలు ఎక్కడివో. 'కోపం వస్తే పిల్లవాణ్ణి ప్రశాంతంగా ఉన్న వేరే గదిలోకి తీసుకెళ్ళండి' అని ఉంది ఒక కాగితంలో. మాలో ఒకామె లేచి, 'సార్, మా ఇంట్లో ఉన్నదే ఒక గది. వేరే గదంటే పక్కింటి వాళ్ళది' అంది. సార్ నవ్వలేదు. కాగితం మడిచి పక్కన పెట్టి, 'అయితే మీ ఇళ్ళు చూశాకే మిగతాది చెప్పుకుందాం' అన్నారు. మా దృష్టిలో శిక్షణ అప్పుడు మొదలైంది.

ఆ పద్ధతిలో అసలు విషయం ఒక్కటే. మనిషి చేసే ప్రతి పనికీ ఒక కారణం ఉంటుంది. మాట లేనివాడికి ఆ పనే మాట. కొరికాడంటే ఏదో చెబుతున్నాడు. నొప్పి అని కావచ్చు, నన్నొదులు అని కావచ్చు, నా వంక చూడు అని కావచ్చు, అది కావాలి అని కావచ్చు, ఊరికే ఒంటికి అలా హాయిగా ఉందని కూడా కావచ్చు. ఏది అన్నది మనం ఊహించకూడదు, రాయాలి. మూడు గడులు: ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. మేడమ్ దీనికి ఇంగ్లీషులో పెద్ద పేర్లు చెప్పారు. మేం 'ముందు, పని, తర్వాత' అని మూడు గీతలు కొట్టుకున్నాం. ఇరవై ఏళ్ళుగా నిర్ణయాల పుస్తకం, పొదుపు పుస్తకం, అప్పుల పుస్తకం రాస్తున్నవాళ్ళం. ఇంకొక పుస్తకం మాకు బరువా?

రాసేటప్పుడు 'మొండితనం చేశాడు', 'పిచ్చి లేచింది' అని రాయకూడదు. 'కుడి చేయి పట్టి లేపితే మణికట్టు మీద కొరికాడు' అని రాయాలి. ఈ ఒక్క సంగతి ఒంటబట్టడానికే మాకు వారం పట్టింది.

నాలుగు నెలల తర్వాత ఆ అబ్బాయి ఇంటికి మేడమ్‌ను వెంటబెట్టుకొని వెళ్ళాం. దారిలో మేడమ్ ఒకటే చెప్పారు. 'తాడు మాట ముందే ఎత్తొద్దు. ఆ తాడే ఆమెకు కూలి డబ్బులు, బియ్యం. వేరే దారి చూపించకుండా తాడు తీయమంటే మనల్నే తీసేస్తుంది.' వెళ్ళి ఆ తల్లిని ఒకటే అడిగారు, 'రోజులో మీకు అన్నిటికన్నా కష్టంగా ఉండేది ఏ వేళమ్మా?' అని. ఆమె ఒకసారి చూసి, పీట వేసింది. చాలాసేపు మాట్లాడింది. పధ్నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదట.

ఆమెకు రాయడం రాదు. ఎదురింటి ముసలమ్మకూ రాదు. అందుకని వసారా గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టమన్నాం. అన్నం వేళ ఒకచోట, స్నానం వేళ ఒకచోట, మిగతావి ఒకచోట. సాయంత్రం మాలో ఒకరు వెళ్ళి అడిగి పుస్తకంలోకి ఎక్కించేవాళ్ళం. రెండు వారాలకు గోడే చెప్పింది. సగానికి పైగా గీతలు అన్నం దగ్గరే ఉన్నాయి. తల బాదుకోవడం అప్పుడే. చూస్తే ముద్ద ఎడమ పక్కకే తోసుకుంటున్నాడు. ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్తే కుడి దవడ పళ్ళు రెండు పుచ్చి చీము పట్టి ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచో. పళ్ళు తీయించాక తల బాదుకోవడం చాలావరకు ఆగింది. ఇందులో మా పద్ధతి గొప్పేమీ లేదు, చూడడమే. అందుకే మీకు ఒక మాట. కొత్తగా ఏదైనా వింత ప్రవర్తన మొదలైతే మంత్రగాడి దగ్గరకో, మా దగ్గరకో రాకముందు పళ్ళు, చెవులు, మలబద్ధకం, నెలసరి నొప్పి చూపించండి. మూర్ఛ మందులు మార్చినప్పుడు కూడా కొందరికి చిరాకు పెరుగుతుంది. మందు మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరుకు చెప్పండి.

రెండో గుంపు గీతలు స్నానం వేళ. అక్కడ 'తర్వాత' గడి చూడమన్నారు మేడమ్. ప్రతిసారీ ఒకటే ఉంది: చేయి పట్టి లాగితే కొరికాడు, వదిలేశాం. అంటే కొరకడం వాడికి పనికొస్తోంది. ఆ పని దానికన్నా సులువుగా జరిగే దారి నేర్పాలి. అరచేయి ఎత్తి చూపిస్తే 'ఆగు' అని. ఎత్తగానే ఎవరైనా సరే ఆగాలి, తల్లి అయినా, మేనమామ అయినా. ఒక్కసారి ఆగకపోయినా మళ్ళీ కొరుకుతాడు, తప్పు మనది. ఇంకోటి, స్నానానికి ముందు చెంబు చేతికిచ్చి చూపించడం. ఏం జరగబోతోందో వాడికి ముందే తెలియాలి. మనల్ని ఎవరైనా చెప్పాపెట్టకుండా చేయి పట్టి లాక్కెళ్తే మనం ఊరుకుంటామా?

శుక్రవారాల్లో గీతలు ఎక్కువగా ఎందుకున్నాయో ఇప్పటికీ మాకు అంతు పట్టలేదు. గుడి మైకు అనుకున్నాం. మైకు లేని వారం కూడా అంతే.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలా వద్దా అని ఉపసంఘంలో రెండు మీటింగులు వాదించుకున్నాం. మూడో వారంలో మాలో ఒకరు ఆ అబ్బాయికి అరచేయి ఎత్తడం నేర్పుతూ ఉండగా భుజం మీద గట్టిగా కొరికాడు. రక్తం వచ్చింది. ఆమె చెంప మీద కొట్టింది. తల్లి గుమ్మంలో నిలబడి చూసింది. ఏమీ అనలేదు. కాసేపాగి, 'చూశారా వదినా, మీకూ చెయ్యి లేచింది. నాకు రోజూ లేస్తది' అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది.

ఆ సాయంత్రం మినిట్స్‌లో ఇది రాయాలా అన్నది గొడవ. రాస్తే మనకు చెడ్డపేరు, రాయకపోతే రేపు ఇంకొకరు కొట్టి దాచుకుంటారు. మేడమ్‌కు ఫోన్ చేశాం. తిడతారనుకున్నాం. 'కొట్టడానికి ముందు ఏం జరిగిందో రాయండి' అన్నారు. అంటే అవే మూడు గడులు మా మీద! రాశాం. ముందు: పొద్దున్నుంచి మూడు ఇళ్ళు తిరిగింది, టిఫిన్ తినలేదు, ఒక్కతే వెళ్ళింది. పని: కొట్టింది. తర్వాత: ఆ రోజు నేర్పడం ఆగిపోయింది. అప్పటి నుంచి ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు, రోజుకు రెండిళ్ళకు మించకూడదు అని నియమం పెట్టుకున్నాం. ఆ రోజు తీర్మానం కింద ఆరుగురం సంతకాలు పెట్టాం. కొట్టిన ఆమె మరునాడు వెళ్ళి తల్లికి, అబ్బాయికి కూడా క్షమాపణ చెప్పింది. అబ్బాయికి అర్థమైందా అని కొందరు అడిగారు. అర్థం కాకపోయినా చెప్పాలి కదా.

శిక్షణ ఇచ్చేవాళ్ళు ఎలా ఉండాలో మాకు ఈ ఏడాదిలో బాగా తెలిసింది. హాల్లో చెప్పి, కాగితాలు పంచి, ఫోటో దిగి వెళ్ళిపోతే ఏమీ మిగలదు. చెప్పాలి, చేసి చూపించాలి, మా చేత చేయించాలి, పక్కన కూర్చొని చూసి ఎక్కడ తప్పామో అక్కడికక్కడే చెప్పాలి. ఒక ఇంట్లో పాతికేళ్ళ కుర్రాడు కంచం విసిరేస్తుంటే, శాంతపడతాడని మేం చేతిలో జంతిక పెట్టేవాళ్ళం. వెంటనే ఊరుకునేవాడు. మా తెలివికి మేమే మురిసిపోయాం. వారం తిరిగేసరికి కంచంతో పాటు గ్లాసు, చెంబు కూడా లేచాయి. సార్ వచ్చి అరగంట చూసి, 'ఇక్కడ ట్రైనింగ్ ఎవరు ఎవరికిస్తున్నారమ్మా?' అన్నారు. విసరక ముందు, బుద్ధిగా కూర్చున్నప్పుడు, వేలు చూపి అడిగినప్పుడు ఇవ్వాల్సిన జంతిక, విసిరాక ఇచ్చాం. ఇది పుస్తకంలో చదివితే తెలిసేది కాదు. వచ్చి చూశారు కాబట్టి తెలిసింది. వాళ్ళూ మా దగ్గర నేర్చుకున్నారు. బొగ్గు గీతల ఉపాయం ఇప్పుడు వేరే మండలాల్లో కూడా చెబుతున్నారట.

ఇంకొక ఇంటి సంగతి. ఇది ఆడవాళ్ళ సభ కాబట్టి దాచకుండా చెబుతాం. పదిహేడేళ్ళ అమ్మాయి, నెలసరి రోజుల్లో ప్యాడ్ పీకి పారేస్తుంది. వీధిలోకి అలాగే వస్తుంది. అన్నదమ్ములు తలెత్తుకోలేకపోతున్నామన్నారు. గర్భసంచి తీయించేద్దాం, పీడ వదిలిపోతుంది అని ఇంట్లో నిర్ణయం అయిపోయింది, డబ్బుకు సంఘంలో అప్పు కూడా అడిగారు. అప్పు దరఖాస్తు వచ్చింది కాబట్టే మాకు తెలిసింది. మహారాష్ట్రలో 1994లో ఒక ప్రభుత్వ హాస్టల్లోని బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్లలకు ఇలాగే గర్భసంచులు తీసేస్తే దేశమంతా గొడవైంది. ఇప్పుడు 2016 చట్టం 10వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది: తెలిసి, ఇష్టపడి ఒప్పుకుంటే తప్ప, పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమూ వికలాంగులకు చేయకూడదు.

ఈసారి మేం చట్టంతో మొదలుపెట్టలేదు. తల్లినీ, అక్కనూ ముందు పెట్టుకొని మూడు గడులు రాశాం. పీకడం అంతా మొదటి గంటలోనే, అంటించగానే. గరుకుగా ఉండడం, చెమటకు దురద. పాత మెత్తటి నూలు గుడ్డ, కాస్త బిగుతు లోదుస్తులు, అది కూడా నెలసరి లేని రోజుల్లో రోజూ పది నిమిషాలు, తర్వాత అరగంట, అలా అలవాటు చేశాం. ఉంచుకున్నందుకు ఆమెకిష్టమైన గాజుల పెట్టె ముందు కూర్చోబెట్టేవాళ్ళం. అక్క తనది మార్చుకుంటూ చూపించింది. నాలుగో నెలలో ఒకే ఒక్కసారి పీకింది. అప్పు దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. అమ్మాయి తండ్రి మాత్రం, 'ఇది ఎన్నాళ్ళు చేస్తార్లే' అంటూనే ఉన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఈ సభే చెప్పాలి.

ఎందుకంటే ఈ పని తొందరగా అవ్వదు. పాత పని మానిపించి కొత్తది నేర్పేటప్పుడు మొదట్లో పాతదే పెరుగుతుంది, తల్లులు అప్పుడే వదిలేస్తారు. గట్టిగా రెచ్చిపోయిన వేళ నేర్పడం కుదరదు. పక్కవాళ్ళను జరిపి, కొడవలి, రాయి అందకుండా చూసి, తక్కువ మాట్లాడి, తగ్గేదాకా కాచుకోవడమే. రెండిళ్ళలో ఏమీ చేయలేకపోయాం. ఒక ఇంట్లో తండ్రి తాగి వచ్చి కొడుతుంటే పిల్లవాడి ప్రవర్తన మార్చడం ఎవరి తరం? అది సామాజిక ఉపసంఘానికి అప్పగించాం. అది కూడా నివేదికలో రాయమన్నాం.

ఆ అబ్బాయి తాడు సంగతి అడుగుతారు. మేం విప్పలేదు, వాళ్ళమ్మే విప్పింది. మొదట మాలో ఒకరం, ఎదురింటి ముసలమ్మ కూర్చున్న గంటసేపు మాత్రమే. తర్వాత పూట. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు పూర్తిగా లేదు, ఉదయం భవిత కేంద్రానికి, మధ్యాహ్నం ముసలమ్మ వసారాకు. మిగతా రెండు రోజులు కూర్చునే మనిషి దొరక్క ఇంకా కడుతోంది. ఇది దాచి, మొత్తం విప్పేశాం అని చెబితే చప్పట్లు కొడతారు. మాకు చప్పట్లు వద్దు, ఆ రెండు రోజులకు మనుషులు కావాలి.

పెన్షన్ 2024 జూలై నుంచి 6000 అయింది, మంచిదే. కానీ రోజంతా తోడు కూర్చునే మనిషిని ఆ డబ్బు తేలేదు. తల్లి పనికి పోకుండా ఇల్లు నడవదు. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష వరకు ఉంది, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకు. మన మండలంలో చాలామంది తీసుకోలేదు. దరఖాస్తులు మేం నింపిపెడతాం, సదరం కాగితం, ఆధార్ పట్టుకొని మండల సమాఖ్య ఆఫీసుకు రండి.

ఇక ఈ సభ ముందు మా తీర్మానం. ఇలాంటి పిల్లలున్న సభ్యులకు గైర్హాజరు జరిమానా రద్దు చేయాలి, ఇప్పటికే వసూలు చేసింది వెనక్కి ఇవ్వాలి, వీలైతే ఆ సంఘం మీటింగు ఆ ఇంటి వసారాలోనే పెట్టుకోవాలి. ప్రతి గ్రామ సమాఖ్య ఇద్దరు కూర్చునే మనుషులను ఎంచి, ఉపాధి కూలికి తగ్గకుండా పూటకు ఇంత అని గౌరవ వేతనం ఇవ్వాలి. ఎంతన్నది మీరే తేల్చండి, మేం అంకె పెట్టలేదు. శిక్షకులు నెలకొకసారి ఇళ్ళకు వచ్చి చూడడానికి దారి ఖర్చులు మండల సమాఖ్య సామాజిక నిధి నుంచి రాయాలి. హాల్లో ఇంకొక శిక్షణ పెడతామంటే మాత్రం మేం సంతకం పెట్టం.

తీర్మానం కాగితం కార్యదర్శి గారి దగ్గర ఉంది. వెనక వరుసలోని తల్లులు రెండింటి బస్సు అందుకోవాలి కాబట్టి, భోజనాలకు ముందే చర్చకు తీసుకోమని అధ్యక్షురాలు గారిని కోరుతున్నాం.